చేపలెక్కే బండి

బండి కొందామని ఇంట్లో అనుకున్న రోజు మా ఆయన మొదట ఎత్తింది రంగు మాట. తెలుపైతే మురికి కనబడుతుందట, ఎరుపైతే కుర్రాళ్ళ బండిలా ఉంటుందట, బూడిద రంగయితే హుందాగా ఉంటుందట. నేను అంతా విని, వెనక తలుపు పైకి లేవాలి అన్నాను.

"తలుపేటి, పైకి లేవడమేటి?" అన్నాడు.

"డిక్కీ తలుపండీ. పక్కకి తెరుసుకునేది కాదు, పైకి లేసేది. ఎనక సీటు మడిత్తే గంప పట్టాల."

"గంపేటే?"

"అమ్మ గంప."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. వేళాకోళం ఆడుతున్నానేమోనని కాసేపు చూశాడు. ఆడటం లేదని తెలిశాక మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. ఆ రోజు ఇంక రంగు మాట రాలేదు.

మా అమ్మది యారాడ. పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్ళోనే. నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్న పట్టిన చేపలు, ఆయన పోయాక మా చినమావయ్య పడవలో పడ్డ చేపలు, గంపకెత్తుకుని కొండ దాటించి పట్నంలో, సీతమ్మధార వీధుల్లో అమ్మింది. నా చదువు ఆ గంపలోంచి వచ్చిందే. ఇప్పుడు నేను సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలు చేస్తాను, తెల్లకోటు వేసుకుంటాను. ఆ కోటు గుండీలతో సహా నెత్తళ్ళ చేపలు పెట్టిన భిక్షేనని ఎవరి ముందైనా చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. అది మా ఆయనకి కొంచెం ఇబ్బందే. ఆయనది విజయనగరం అవతల ఒక వ్యవసాయం ఊరు, ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మాది ప్రేమ పెళ్ళి. నన్ను ప్రేమించినంత తేలిగ్గా ఆయన నా పుట్టింటి వాసనని ప్రేమించలేకపోయాడు. అందులో ఆయన తప్పేమీ లేదు గానీ, నేను మాత్రం ఊరుకునే రకం కాదు.

యారాడ నుంచి పట్నం రావాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి దిగాలి. బస్సుంటుంది. కండక్టరు మంచివాడైతే గంపని వెనక మెట్ల దగ్గర పెట్టనిస్తాడు, కాకపోతే తర్వాతి బస్సుకి రమ్మంటాడు. ఇక ఆటోల సంగతి చెప్పక్కర్లేదు. చేపలమ్మే ఆడది చెయ్యెత్తిందంటే ఖాళీ ఆటోకి కూడా ఉన్నట్టుండి ఎక్కడో పని గుర్తొస్తుంది.

పోయిన వానాకాలం ఒక ఆటో అతను ఎక్కించుకున్నాడు. కొండ సగం దిగాక వెనక్కి తిరిగి చూశాడు. గంపలోంచి నీళ్ళు కారి కొత్త సీటు కవరు తడిసింది. అంతే, బండి ఆపి, దిగమన్నాడు. జోరున వాన. అమ్మ గంపని నెత్తికెత్తుకుని ఆ దిగుడు దారిలో నడుచుకుంటూ వస్తూ, ఒక మలుపు దగ్గర కాలు జారి పడింది. మోకాలు వాచి బంతిలా అయింది. చేపలు రోడ్డు నిండా చెల్లాచెదురయ్యాయి. నేను వెళ్ళేసరికి ఆమె మోకాలు పట్టుకుని ఏడవడం లేదు. చేపల మీంచి ఎవరో బండి ఎక్కించుకుపోయారని ఏడుస్తోంది.

బరువెత్తి బస్సు మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట విని మా చుట్టుపక్కలందరూ సంతోషించారు. ఈ వయసులో ఇంకా గంపెందుకు, కూర్చుని తినొచ్చు కదా అన్నారు. కూర్చుని తినడమనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జైల్లో కూడా కూర్చోబెట్టి తిండి పెడతారు. మా అమ్మ గొంతు విప్పి కేకేస్తే మూడు వీధులకి వినబడేది. ఆ మనిషి ఇంట్లో కూర్చున్న కొన్నాళ్ళకే మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని పట్నం బస్సు వెళ్ళేదాకా చూసి, అది కొండ మలుపు తిరిగాక లోపలికెళ్ళి పడుకునేది. నాకు భయమేసింది. ఇలా వదిలేస్తే ఆ గుమ్మంలోనే మనిషి అరిగిపోతుందనిపించింది.

"మనం డబ్బులు పంపిత్తన్నాం కదే" అన్నాడు మా ఆయన.

"అమ్మకి కావాల్సింది డబ్బులు కాదండీ. సీతమ్మధార వీధులు కావాల."

నాకు ఆదివారం సెలవు. కారు తోలడం ముందే నేర్చుకున్నాను. కావాల్సిందల్లా ఒక బండి. వానలో ఘాట్ ఎక్కగలిగేది, మా ఇంటిల్లిపాదీ పట్టేది, అమ్మతోపాటు అమ్మ గంప కూడా దర్జాగా ఎక్కేది. కొత్తది మా వల్ల కాదు కాబట్టి వాడిన బండి కోసం వెతకడం మొదలుపెట్టాం.

మొదట చూసిన బండి సీతమ్మధారలోనే. మా క్లినిక్‌లో తోటి ఉద్యోగి ఒకామె చెప్పింది, పెద్దాయన, ఆఫీసరుగా రిటైరయ్యాడు, ఏడుగురు కూర్చునే బండి అమ్మేస్తున్నాడు అని. ఆదివారం పొద్దున్న స్కూటర్ మీద వెళ్ళాం. గేటు పక్కన జామచెట్టు, లోపల మెరిసే గచ్చు పరిచిన పోర్టికో, ఆ పోర్టికో కింద గుడ్డ కప్పుకుని బండి. పెద్దాయన ఆ గుడ్డని పెళ్ళికూతురి ముసుగు తీసినట్టు మెల్లగా తీశాడు. బూడిద రంగు! మా ఆయన కళ్ళు అక్కడే సగం బేరం ఒప్పేసుకున్నాయి.

నిజం చెప్పాలంటే మంచి బండే. వెనక తలుపు పైకి లేచింది. సీట్లు మడిస్తే మంచమంత చోటు వచ్చింది. పెద్దాయన కూడా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, కాఫీ ఇప్పించాడు, ఈ బండిని బిడ్డలా చూసుకున్నానని, ఒక్క రోజు ఎండకి పెట్టలేదని, వానకి తడవనివ్వలేదని చెప్పాడు. రేటు దగ్గర కూడా పేచీ రాలేదు. చివరికి నా వైపు తిరిగి, "మీ పుట్టిల్లు ఎక్కడమ్మా?" అన్నాడు.

"యారాడండీ."

"ఓహో, బీచ్!" అన్నాడు. తర్వాత కాస్త ఆలోచించాడు. ఆ ఆలోచన ఎటు పోతోందో నాకు ఆయన మొహంలో కనబడుతూనే ఉంది. "ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. యారాడ అంటున్నారు, చుట్టాలు వస్తుంటారు, పోతుంటారు. ఇందులో చేపలు మాత్రం ఎక్కించకండి. ఆ నీచు వాసన ఒకసారి పట్టిందంటే జన్మలో వదలదు. మంచి చేతుల్లో పడుతుందనే ఇస్తున్నాను."

"అబ్బెబ్బే! చేపలెందుకు ఎక్కిస్తామండీ!" అన్నాడు మా ఆయన. ఆ మాట అనడానికి ఆయనకి క్షణం కూడా పట్టలేదు.

సరిగ్గా అప్పుడే, ఆ ఇంటి వంటగదిలోంచి వంజరం పులుసు వాసన వస్తోంది. నేను అబద్ధం ఆడటం లేదు. చింతపండు, మెంతులు, పచ్చిమిర్చి, వంజరం. నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఆ వాసనలో ముక్క ఎంత మందంగా కోశారో కూడా చెప్పగలను. ఆదివారం కదా, పులుసు తెర్లుతోంది. ఆ పులుసు వాసనలో కూర్చుని ఆయన నాకు నీచు వాసన గురించి చెబుతున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎక్కిస్తామండీ" అన్నాను. "చేపలు ఎక్కించడానికే కొంటున్నాం. మా అమ్మ చేపలమ్ముతుంది. ప్రతి ఆదివారం ఎక్కుతాయి."

మా ఆయన దగ్గాడు. పెద్దాయన మొహం మారింది. కోపం రాలేదాయనకి, అదే నాకింకా మండింది. జాలిగా చూశాడు. "అలాంటి పనికైతే ఏదైనా ట్రాలీ ఆటో చూసుకోండమ్మా. ఇది ఫ్యామిలీ బండి" అన్నాడు.

"మాదీ ఫ్యామిలీయేనండీ. మీ ఇంట్లో పులుసులో ఉడుకుతున్న వంజరం మరి ఏ బండెక్కి వచ్చింది? నడుచుకుంటూ వచ్చిందా?"

ఆయన లేచి బండి మీద గుడ్డ కప్పేశాడు. ఆ గుడ్డ కప్పిన తీరుతోనే మాకు సమాధానం వచ్చేసింది. చల్లారిపోయిన కాఫీ మొత్తం తాగి మరీ లేచాను. నాకు కాఫీ వృథా చెయ్యడం నచ్చదు.

స్కూటర్ మీద ఇంటికి వచ్చేశాం. వచ్చాక మా ఆయన నోరు విప్పాడు.

"ఒక్క అబద్దం ఆడితే నీ సొమ్మేటి పోయింది? కొనీసినాక ఆయనొచ్చి డిక్కీలో ముక్కెట్టి వాసన సూత్తాడేటి?"

"సూడడు."

"మరేటి?"

"అమ్మ ఇన్నేళ్ళూ గంపకి పాలిథిన్ కవర్లు సుట్టి, దాని మీద సీర కప్పి, దొంగసరుకు లాగా బస్సెక్కించింది. మన బండిలో కూడా దొంగతనంగానే ఎక్కాలా? అలాగైతే బస్సే మేలు."

"నీకు బండి గావాలా, గొడవ గావాలా?"

"రెండూ" అన్నాను.

ఆయన స్కూటర్ తాళాలు బల్ల మీద పడేసి స్నానానికి పోయాడు. ఆ వారం మా ఇంట్లో కూరల్లో ఉప్పు తగ్గలేదు గానీ మాటలు తగ్గాయి.

ఆ తర్వాత యారాడ వెళ్ళినప్పుడు అమ్మకి ఈ గొడవంతా చెప్పాను. మోకాలికి ఆవనూనె రాసుకుంటూ వింది. ఏ సందని అడిగింది. చెప్పాను. గేటు పక్కన జామచెట్టు ఉందా అంది. ఉందన్నాను.

"ఓలమ్మ! ఆ బాబేనేటి! ఆ బాబుకి సందువలంటే పేణం. ఆ బండి నాకు తెల్దేటే. వానొచ్చినా ఎండొచ్చినా అది పోర్టికో కింద ఉండేది. నాను గేటు కాడ ఉండేదాన్ని."

"వానలో కూడానా?"

"మరేటి? గచ్చు మీద నీల్లు పడితే బండి టైర్లకి కంపట్టుకుంటాదని, గేటు ఇవతలే కూకుని కొయ్యమనీవోరు. ఆల్లది ఆల్లిట్టం. సేపలు మాత్రం బేరమాడకుండా కొంటాడు, మంచోడే" అంది.

ఆమె అందులో కోపం కలపలేదు. వర్షం వస్తే తడుస్తాం అన్నట్టే చెప్పింది. చందువ చేపలిష్టమని తలుచుకుని ఆ పెద్దాయన్ని మెచ్చుకుంది కూడా. నాకు మాత్రం గుడ్డ కప్పుకుని నీడన ఉన్న ఆ బండీ, దానికి పది అడుగుల దూరంలో వానలో కత్తిపీట ముందు కూర్చున్న మా అమ్మా కళ్ళ ముందు నుంచి పోలేదు. అంతవరకూ నాకు అమ్మని వీధిలోకి తీసుకెళ్ళాలని మాత్రమే ఉండేది. ఆ రోజు నుంచి వానలో కూడా తీసుకెళ్ళాలనిపించింది. వానలోనే తీసుకెళ్ళాలనిపించింది.

రెండో బండి వన్ టౌన్‌లో దొరికింది. మా ఆయనతో పనిచేసే ఒకతను చెప్పాడు. అలక మాని ఆయనే తీసుకెళ్ళాడు, మెకానిక్‌ని కూడా వెంటబెట్టుకుని. ఇరుకు సందు, అటూ ఇటూ హోల్‌సేల్ కొట్లు, మధ్యలో పొడుగ్గా, ఒక పక్కంతా గోడలకి గీసుకుపోయిన బండి. రంగు ఏమిటంటే చెప్పలేను. ఒకప్పుడు నీలం అయ్యుంటుంది. దాని ఓనరు ఇంగువా, మిరియాలూ, ఎండుమిర్చీ అమ్మే షావుకారు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు.

"ముందే సెప్పెత్తన్నాను బావా" అన్నాడు మా ఆయన్ని, అదే మొదటిసారి చూడటమైనా. "ఇంజనుకి ఏ రోగమూ నేదు. బ్రేకులు కొత్తవి. వాసన మాత్రం ఉంటాది. ఇంగువ. కడిగినా పోదు, సచ్చినా పోదు. తర్వాత నన్ననొద్దు."

తలుపు తీశాను. ముక్కులోంచి వెళ్ళి నడినెత్తిలో తగిలింది ఇంగువ. మా ఆయన రెండడుగులు వెనక్కి వేసి తుమ్మాడు. మెకానిక్ ముక్కు మూసుకునే కిందికి దూరి, తుప్పు లేదు, బాగుందని చెప్పాడు.

నేను వెనక తలుపు ఎత్తమన్నాను. షావుకారు ఒంటి చేత్తో ఎత్తాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మేమంతా కొట్టు చూరు కిందికి పరిగెత్తాం గానీ ఆయన కదల్లేదు. ఎత్తిన తలుపు కింద నిలబడి, తడవకుండా, ఆగకుండా, బండి గొప్పలు చెబుతూనే ఉన్నాడు. ఆ తలుపు ఆయన తల మీద చిన్న పందిరిలా ఉంది. నేను ఆయన మాటలు వినడం మానేసి ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాను.

"ఇందులో సేపలెక్కుతాయండీ" అన్నాను. ఇది అబద్ధాలతో కొనే బండి కాదని ముందే తేల్చుకుని వచ్చాను. మా ఆయన ఆకాశం వైపు చూశాడు.

"సేపలా?" షావుకారు ఒక్క క్షణం ఆలోచించి పడీపడీ నవ్వాడు. "ఎక్కించండమ్మా! ఇంగువ గెలుత్తాదో, సేప గెలుత్తాదో సూద్దాం!"

మా ఆయన కూడా నవ్వేశాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. అక్కడే బేరం కుదిరింది.

కాగితాల పని అయ్యాక బండిని ముందు యారాడకే తీసుకెళ్ళాం. నేనే తోలాను. ఘాట్ మీద రెండో గేరులో బండి మూలుగుతూ ఎక్కింది గానీ ఎక్కడా ఆగలేదు. ఊళ్ళోకి దిగేసరికి చినమావయ్య, ఆయన పడవ మీద పనిచేసేవాళ్ళు గుమిగూడారు. అమ్మ బానెట్‌కి పసుపు రాసి, కుంకుమ పెట్టి, వేపకొమ్మ కట్టింది. కొబ్బరికాయ కొట్టాం. ఇక భోజనానికి లోపలికి వెళ్ళాం. ఆ వెళ్ళడమే పొరపాటు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పడవ చేయిస్తే, పనికి దిగే ముందు దానికి సముద్రపు నీళ్ళు పోస్తారు. అణువణువూ తడవాలి, ఒక్క చోటు పొడిగా మిగలకూడదు. మా తాతల నాటి నుంచీ ఏ పడవకీ అది తప్పలేదు. మేము లోపల పీతల కూర తింటూ ఉండగా బయట ఏదో కేరింత వినబడింది. మా ఆయన ఎంగిలి చేత్తో గుమ్మంలోకి వెళ్ళి అక్కడే కొయ్యబారిపోయాడు.

ఒడ్డు నుంచి మా గుమ్మం దాకా జనం వరసగా నిలబడ్డారు. ప్లాస్టిక్ బకెట్లు చేతులు మారుతూ వస్తున్నాయి. చినమావయ్య పంచె ఎగ్గట్టి, ఒక్కో బకెట్టూ అందుకుని, బండి మీద, బండి కింద, చక్రాల సందుల్లో, ఎక్కడ కన్నం కనబడితే అక్కడ సముద్రాన్ని పోస్తున్నాడు. అప్పుడే బానెట్ ఎలా తెరవాలో వెతుకుతున్నాడు.

"మావయ్యా! ఏటి సేత్తన్నారు!" అని మా ఆయన అరిచిన అరుపుకి కాకులు లేచిపోయాయి.

"కొత్త బండి గదా అల్లుడూ, ఉప్పునీల్లు పొయ్యాల గదా" అన్నాడు మావయ్య, ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

"ఇది పడవ కాదు మావయ్యా! ఇనుము! ఉప్పునీల్లు తగిల్తే తుప్పట్టీద్ది! నాను బతికేదే ఇనుంతో, నాకు తెల్దేటి!"

ఊళ్ళో గోల లేచింది. ఎవరింట్లో మంచినీళ్ళుంటే వాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ఇప్పుడు వరస తిరగబడింది. ఉప్పునీళ్ళు పోసిన చేతులే మంచినీళ్ళు పోశాయి. మా ఆయన ప్యాంటు మడిచి, బండి కింద వెల్లకిలా పడుకుని, అడుగంతా కడిగాడు. అమ్మ పక్కన చెంబు పట్టుకుని నిలబడిపోయింది. నేను ఆమె మొహం చూశాను. బండి పాడైపోతుందని కాదు, మా వాళ్ళు మొరటువాళ్ళని అల్లుడు అనుకుంటాడని ఆమె భయం.

"తెలీక సేసినాం అల్లుడుగారూ" అంది.

మా ఆయన బండి కింద నుంచి బయటికి వచ్చాడు. బురద, పసుపు, ఉప్పు, అన్నీ పూసుకుని ఉన్నాడు. అమ్మ మొహం ఆయన కూడా చూశాడు. ఏమంటాడోనని నేను నడుము బిగించుకుని నిలబడ్డాను. ఒక్క మాట తేడా వచ్చినా ఊరుకునేదాన్ని కాదు.

"అత్తా, మా ఊల్లో కొత్త ట్రాక్టరొచ్చినప్పుడు మా అయ్య ఏటి సేసినాడో తెల్సా?" అన్నాడు మొహం తుడుచుకుంటూ. "దాని ముందర పచ్చగడ్డి మోపు ఏసినాడు. తింటాదేమోనని సాయంత్రందాకా కాసుకుని కూకున్నాడు."

ముందు చినమావయ్య నవ్వాడు. తర్వాత ఊరంతా నవ్వింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులో ఆయన మీద నాకు సీతమ్మధార నుంచి మోసుకొస్తున్న కోపం కరిగిపోయింది. అబ్బెబ్బే అన్న మాట మాత్రం మర్చిపోలేదు. మర్చిపోను కూడా.

మొదటి ఆదివారం తెల్లవారుజామున నేను యారాడ వెళ్ళేసరికి వాన మొదలైంది. నేను కోరుకున్న వానే. గంప సిద్ధంగా ఉంది. నెత్తళ్ళు, కానాగంతలు, పైన తడిగుడ్డ కప్పి చందువలు. గంపని నేనూ మావయ్యా కలిసి ఎక్కించాం. ఇంతలో అమ్మ ముందు సీట్లో ఏదో పరుస్తోంది. చూస్తే ఎరువుల గోనెసంచి. దాని మీద పాలిథిన్ కవరు.

"ఏటమ్మా అది?"

"సీరకి నీల్లుంటాయే. సీటు పాడైపోద్ది."

నేను ఆ గోనెసంచి లాగి వాకిట్లోకి విసిరేశాను.

"గంప కింద ఏటేసుకుంటావో నీ ఇట్టం. నీ కింద మాత్రం ఏటీ ఒద్దు. ఇది నీ బండి. సీటు తడిత్తే తడవనీ, కంపు కొడితే కొట్టనీ. కూకో."

"అరుత్తావేటే" అంది. కూర్చుంది. ముందు సీటు అంచునే కూర్చుంది, ఎవరైనా లేపుతారేమో అన్నట్టు. బెల్టు నేనే పెట్టాను.  ఆ పొద్దున్న నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఘాట్ దిగుతున్నాం. వైపర్లు ఎంత తుడిచినా అద్దం మీద వాన ఆగడం లేదు. ఆమె పడిన మలుపు వచ్చింది. ఏదో చెప్పాలనిపించి బండి నెమ్మది చేశాను. అమ్మ కూడా అటు వైపు చూసింది. 

"ఆపుతావేటి? బేగి పోనీ" అంది. "ఆలీసమైతే బేరాలెలిపోతాయి."

పక్కకి చూస్తే ఆమె సీటుకి నడుము ఆనించి కూర్చుంది. కొండ దిగాక నేను గట్టిగా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానని ఆమె అడగలేదు.

సీతమ్మధారలో మొదటి సందు మొదట్లో బండి ఆపి వెనక తలుపు ఎత్తాను. షావుకారు నిలబడ్డ చోటే అమ్మని కూర్చోబెట్టాను. కాళ్ళు కిందికి వేలాడేసి, కత్తిపీట ముందు పెట్టుకుని, గంప పక్కన, తలుపు కింద. చుట్టూ వాన. ఆమె మీద ఒక్క చుక్క లేదు.  అమ్మ గొంతు సవరించుకుని కేక వేసింది.

"సేపలో! సందువలో!"

ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న గొంతంతా ఆ ఒక్క కేకలో వచ్చింది. కిటికీలు తెరుచుకున్నాయి. ఏమయిపోయావు, ఎక్కడికి పోయావు అంటూ గొడుగులేసుకుని, గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు వచ్చారు. ఈ ఇంగువ వాసనేమిటని ఒకామె అడిగింది. కూరలోకి ఉచితమని అమ్మ చెప్పింది. సందు తర్వాత సందు తిరిగాం. గంప తరిగిపోతోంది. జామచెట్టు ఉన్న ఇంటి సందు వచ్చేసరికి నేను బండి తిప్పబోయాను.

"ఇటెందుకు తిప్పుతావు?"

"ఆ సందు ఒద్దమ్మా."

"ఎందుకొద్దు? సందువలు ఆ బాబు కోసమే తెచ్చినాను. తిప్పు."

తిప్పాను. గేటు ముందు ఆపి తలుపు ఎత్తాను. పోర్టికో కింద ఆ బూడిద రంగు బండి, గుడ్డ కప్పుకుని అలాగే ఉంది. అమ్మ కేక వినగానే పెద్దాయన గిన్నె పట్టుకుని పోర్టికోలోకి వచ్చాడు. మొహం విప్పారింది. పాపం, ఆ సంతోషం నిజమైందే.

"వచ్చావా! ఎన్నాళ్ళయింది! ఏవీ, ఇలా గేటు దగ్గరికి పట్రా" అన్నాడు, ఎప్పటి అలవాటుతో.

"నాను రాలేను బాబూ, మోకాలు బాగోనేదు. మీరే రండి."

ఆయన వానని చూశాడు. తువ్వాలు తల మీద వేసుకుని, గేటు తీసుకుని వచ్చాడు. మాకు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. వానలో నిలబడ్డాడు. పొడిగా ఉన్న చోటల్లా మా తలుపు కిందే ఉంది, గంప పక్కన. అప్పుడు నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. నా మొహం నుంచి అమ్మ మొహానికీ, అమ్మ నుంచి గీసుకుపోయిన బండికీ ఆయన చూపు తిరిగింది. తువ్వాలు తడిసి, కళ్ళజోడు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఎన్నో రోజులుగా రాత్రీ పగలూ నూరి పెట్టుకున్న మాటలు. నోరు తెరిచాను.

"తడిసిపోతన్నారు బాబూ" అంది అమ్మ. "ఈ తలుపు కిందికి రండి. సేపల వాసనొత్తాది మరి. పర్లేదు గదా?"

అది మర్యాదో, మరొకటో నాకు ఈ రోజుకీ తెలియదు. అమ్మ మొహం ఎప్పుడూ చెప్పదు. పెద్దాయన కాసేపు వానలోనే ఉన్నాడు. తర్వాత తల వంచుకుని తలుపు కిందికి వచ్చాడు. అమ్మ గంపని కొంచెం పక్కకి జరిపి ఆయనకి చోటిచ్చింది.